లిబుషె సంచిలో సీసాలు

లిబుషె కంటబడక ముందే ఆమె సంచి చప్పుడు వినబడుతుంది. వీపున మోసే ఆ పాత ఆకుపచ్చ సంచి నిండా గాజు సీసాలుంటాయి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు నిండుగా ఉంటాయి కనుక కాస్త పెద్దమనిషి తరహాలో ఉంటాయి. తిరుగుదారిలో ఖాళీ అయి అడుగడుక్కీ గలగలమంటాయి. ఖాళీ సీసాలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వీపున మోసుకుపోయే జనం యూరప్‌లో మా చెక్ వాళ్ళే అయి ఉండాలి.

సీసాల్లో ఉండేది పంది మాంసం. ఉప్పూ వెల్లుల్లీ వేసి, మూత బిగించి, సీసాతో సహా నీళ్ళలో ఉడికించి పెడితే ఏడాదైనా చెక్కుచెదరదు. తిన్నాక సీసా పారేయకూడదు. ఇది మా దగ్గర చట్టమేమీ కాదు. చట్టమైతే ఎవరో ఒకరు ఉల్లంఘించేవారు. ఒకసారి ఏదో స్టేషన్లో నేను ఉండబట్టలేక, "ఆ ఖాళీవి అదిగో ఆ చెత్తడబ్బాలో పడెయ్యి తల్లీ, భుజాలు ఊడిపోతాయి" అన్నాను. కన్నబిడ్డను స్టేషన్లో వదిలేయమన్నట్టు చూసింది.

"పడేస్తే సెప్టెంబర్లో దోసకాయలు దేంట్లో ఊరేస్తాను? నీ లాటిన్ పుస్తకాల్లోనా?"

త్రెబీచ్ ఊళ్ళో ఒక బడి భోజనశాలలో లిబుషె వంటమనిషి, నేను అదే ఊళ్ళో లాటిన్ పంతులమ్మను. వేసవిలో బడి మూస్తారు, భోజనశాల మూస్తారు, లిబుషె సంచి తెరుస్తుంది. ప్రయాణం మనసును విశాలం చేస్తుందని చెప్పేవాళ్ళను నేను చాలామందినే చూశాను. విమానంలో వెళ్ళి, హోటల్లో పడుకుని, తీసుకెళ్ళిన మనసునే ఇస్త్రీ మడత నలగకుండా వెనక్కి తెచ్చుకుంటారు. లిబుషెకు మనసు విశాలం చేసుకునే ఉద్దేశమే లేదు.

"మా వంటగది కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తెలుసా దగ్మర్? చెత్తడబ్బాలు. ఏడాది పొడుగునా వాటిని చూస్తూ తింటాను. వేసవిలోనైనా ఇంకోటి చూస్తూ తినొద్దా?"

ప్రయాణాల గురించి నేను విన్నవాటిలో ఇంత నిజాయితీ ఉన్న మాట మరొకటి లేదు.

కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయి సరిహద్దులు తెరుచుకున్న మరుసటి వేసవిలో ఆమె మొదటిసారి పారిస్ వెళ్ళింది, బస్సులో. ఆ బస్సుల కథ మా తరానికంతా తెలుసు. ప్రతివాడి ఒళ్ళో ఒక కాగితం పొట్లం. అందులో రొట్టెపొడి పట్టించి వేయించిన మాంసం ముక్క, రీజెక్, రెండు రొట్టె ముక్కల మధ్య. మా సరిహద్దు దాటకముందే బస్సంతా కాగితాల గరగర, నూనె వాసన. పారిస్‌లో దిగి, తలెత్తి ఆ ఇనుప గోపురం చూసి, కాఫీ దుకాణం ముందు తల దించి ధరల బోర్డు చూసి, మళ్ళీ బస్సెక్కి మిగిలిన రీజెక్ తిని, సీట్లోనే నిద్రపోయారు. ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. అసలు అంత సంతోషంగా ఆకలి తీర్చుకున్న జనం పారిస్‌లో ఆ రోజు ఇంకొకరు ఉండి ఉండరు.

ఆ తర్వాత లిబుషె ఆగలేదు. అన్ని దేశాల రైళ్ళలోనూ చెల్లే వేసవి పాసు, గుడారం, చిన్న గ్యాసు పొయ్యి, సీసాలు, ఒక రేకు డబ్బాలో షాజీర. కొనేది రొట్టె ఒక్కటే. దేశానికి ఒక్కసారి మాత్రం కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుంది. "ఆ దేశం వాళ్ళు మనని చూడటానికి" అంటుంది. అలా గ్రీసు చూసింది, ఐర్లాండు చూసింది. నేను ఐదారు వేసవులు ఆమె వెంట తిరిగాను. ఊరి బయట మా చెక్క ఇళ్ళు పక్కపక్కనే. వారాంతాలకు అందరం అక్కడికే చేరతాం.

ఇక ఒక దీవి సంగతి. చాలా ఏళ్ళ కిందట, నేనింకా జత కలవక ముందు, లిబుషె ఒక్కతే నార్వే వెళ్ళింది. పడమటి తీరాన ఒక చిన్న దీవి, అవతలి కొసలో బల్లపరుపు రాయి. దాని మీద కూర్చుని చివరి సీసా తెరిచింది. ముందంతా సముద్రం. ఒక పక్క ఎండ, ఒక పక్క వాన, రెండూ ఒకేసారి కనిపించాయట. ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆమెకు అనిపించిందట: తన మొగుడు రదోవన్ ఇక్కడుంటే "ఇదేం చలి" అని తిట్టేవాడు. ఆ తిట్టు లేకపోవడం ఏదో ఉప్పు తక్కువైనట్టు అనిపించిందట.

"ఇప్పుడు నేనున్నాను కదా తోడు?" అన్నాను ఈ కథ మొదటిసారి విన్నప్పుడు.

"నువ్వు తినేటప్పుడు పుస్తకం చదువుతావు."

ఆ రదోవన్ బాయిలర్లు బాగుచేసే పనిలో రిటైరయ్యాడు. గుబురు మీసాలు, ప్రతి దానికీ ఒక సణుగుడు. ప్రతి మే నెలలోనూ లిబుషె తనతో రమ్మని అడిగేది, ప్రతి మే నెలలోనూ అతను వద్దనేవాడు. వేసవంతా చెక్క ఇంట్లోనే.

"ఇక్కడ మంచముంది, బీరుంది, వెనకాల అడవుంది. నీ దీవిలో ఏముంది?"

"సముద్రం."

"సముద్రంలో హ్రిబ్ మొలుస్తుందా?"

హ్రిబ్ అంటే గోధుమరంగు టోపీ, లావుపాటి తెల్లకాడ ఉన్న పుట్టగొడుగు. మిగతావన్నీ పుట్టగొడుగులు, అది మాత్రం హ్రిబ్. వాన పడిన మర్నాడు మా దేశంలో పనిచేసేవాళ్ళెవరూ దొరకరు, అందరూ బుట్టలతో అడవిలో ఉంటారు. మా వాళ్ళు జీతం అడిగితే చెబుతారు, ఆపరేషన్ మచ్చ అడగకపోయినా చూపిస్తారు. హ్రిబ్‌లు ఎక్కడ దొరికాయని అడిగితే మాత్రం పక్కచూపులు చూస్తారు. రదోవన్ తన చోటు పెళ్ళానికి కూడా చెప్పలేదు.

ఆ చోటు పోయింది. బెరడు పురుగు పట్టి మా వైసోచినా కొండల్లో స్ప్రూస్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. యంత్రాలొచ్చి నరికి, దుంగలు లాక్కెళ్ళాయి. చెక్క ఇంటి వెనక అడవి ఉన్న చోట మొదళ్ళు మిగిలాయి, వాటి మధ్య ముళ్ళపొదలు. వాన పడిన మర్నాడు రదోవన్ అలవాటుకొద్దీ బుట్ట పట్టుకుని గుమ్మం దాకా రావడం, అలా చూసి లోపలికి వెళ్ళిపోవడం నేను మా వరండాలోంచి చూసేదాన్ని.

నిరుడు మే నెలలో లిబుషె అడగకముందే అన్నాడు: "ఈసారి సంచిలో నాకూ ఒక సీసా సర్దు."

లిబుషె ఆ రోజే నా దగ్గరకు వచ్చింది. సంతోషం కన్నా కంగారే ఎక్కువ. "ఒక్కసారే దగ్మర్. ఆ రాయి మీద కూర్చోబెట్టి ఒక్క పూట తినిపిస్తాను. నచ్చితే సరి. నచ్చకపోతే ఇక ఎప్పుడూ అడగను. అడిగీ అడిగీ నాకే ముష్టెత్తినట్టుంది."

ముగ్గురం బయలుదేరాం. బెర్లిన్ దాటకముందే నాకు ఆశ పోయింది. రదోవన్‌కు సీటు గట్టి, కిటికీ గాలి, పక్కవాడి ఫోను గోల. హాంబర్గ్ స్టేషన్లో మేం సంచుల మీద తల పెట్టుకుని కునికితే, అతను నిటారుగా కూర్చుని రైళ్ళ వైపు శత్రువుల్ని చూసినట్టు చూశాడు. డెన్మార్క్ మరీ చదునుగా ఉందన్నాడు. స్వీడన్లో చెరువులు అవసరానికి మించి ఉన్నాయన్నాడు. నార్వేలో దిగగానే బీరు ధర చూసి, దాన్ని మా దేశపు కొరునాల్లోకి మార్చి, మళ్ళీ మార్చి, అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు.

"ఇంత డబ్బుకు మనూళ్ళో పీపా వస్తుంది! దాన్ని దొర్లించుకుపోయే మనిషి కూడా వస్తాడు!"

"తాగమని ఎవరన్నారు స్వామీ? నీళ్ళు ఉచితం, తాగు."

"నీళ్ళు తాగడానికి ఇంత దూరం వచ్చానా?"

ఆ దేశంలో అడవిలో ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ ఉచితం కూడా అతనికి నచ్చలేదు. నేల వాలుగా ఉందిట. లిబుషె రోజూ ఒక సీసా తెరిచి, వేడిచేసి, పెద్ద ముక్క అతనికి వేసేది. చివరి సీసాకు మాత్రం మూతకు ఎర్ర దారం కట్టి ఉంది. అది రాయి మీద తెరవాల్సిన సీసా.

పడవ రోజు వచ్చింది. ఆ దీవికి వారానికి రెండుసార్లే పడవ. మా తిరుగు టికెట్లు మార్చడానికి వీల్లేని చవక రకం, తేదీ దగ్గర పడింది. అంటే మాకు మిగిలింది ఆ ఒక్క పడవే. రేవు చెక్కబల్ల మీద సంచులు పెట్టుకుని చాలా ముందుగానే చేరాం. వెనక కొండవాలున అడవి. ముందురోజు వాన పడింది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

"ఇప్పుడే వస్తా" అని రదోవన్ చెట్ల వైపు కదిలాడు.

"పడవ వచ్చే వేళయింది!"

"ఒంటికి వెళ్ళాలంటే కూడా వేళ చూసుకోవాలా?"

వెళ్ళాడు. తిరిగి రాలేదు. పడవ మలుపు తిరిగి కనిపించింది, దగ్గరయింది, రేవుకు ఆనింది. నడిపేది నెరిసిన జుట్టు పెద్దావిడ. లిబుషె బడిలో నేర్చుకున్న జర్మన్‌లో బతిమాలింది: "అమ్మా, కొంచెం ఆగు. నా మొగుడు చెట్ల చాటుకు వెళ్ళాడు. ముసలాడు, నెమ్మదిగా కానిస్తాడు." పెద్దావిడ నవ్వి ఆగింది. లిబుషె అడవి వైపు తిరిగి "రదోవన్!" అని అరిచింది. నేనూ అరిచాను. పక్షులు లేచాయి, రదోవన్ రాలేదు. పడవలో జనం గడియారాలు చూసుకున్నారు. చివరికి పెద్దావిడ చేతులు చాచి, ఏం చెయ్యను అన్నట్టు భుజాలెగరేసి, తాడు విప్పింది.

"నువ్వెళ్ళు. అతన్ని నేను చూసుకుంటాను" అన్నాను.

"నేను చూసిన రాయేగా అది. చూడాల్సింది వాడు."

పడవ వెళ్ళిపోయింది. లిబుషె సంచి మీద కూర్చుంది. లోపల ఖాళీ సీసాలు గలగలమన్నాయి. వాటిని తిట్టింది.

కాసేపటికి చెట్లలోంచి ఒక మనిషి వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు, చలికి ఒళ్ళంతా ఎర్రబడింది. చొక్కా చేతులు ముడేసి మూటగా చేసి, దాని నిండా హ్రిబ్‌లు. జుట్టులో ఆకులు, మోకాళ్ళకు బురద. త్రెబీచ్‌లో బయలుదేరిన దగ్గర్నుంచి నేను చూడని ముఖం అది.

"లిబుషా!" గుసగుసగా పిలిచాడు, ఎవరో వింటారన్నట్టు. "ఎవ్వరూ కొయ్యలేదు! నిలబడున్నాయే, ఊరేగింపులో నిలబడ్డట్టు! మనుషులు వాటి పక్కనుంచి నడిచిపోయిన జాడలున్నాయి, ఒక్కటీ ముట్టుకోలేదు! వీళ్ళకు పిచ్చా?"

"పడవ పోయింది" అంది లిబుషె.

"ఏ పడవ?"

ఆ మాటకు లిబుషె తన ఉన్ని కోటు విప్పి అతని మీదికి విసిరింది, కప్పడానికి కాదు, కొట్టడానికే. తర్వాత లేచి వెళ్ళి రేవు కొసన మాకు వీపు పెట్టి నిలబడింది. అప్పటికి రదోవన్‌కు అర్థమైంది. చొక్కా మూట నా చేతుల్లో పెట్టాడు, పిల్లను ఎత్తుకోమన్నంత జాగ్రత్తగా.

"చాలా కోపంగా ఉందా?"

"ఎన్నేళ్ళుగా పిలుస్తోంది రదోవన్, ఆ రాయి దగ్గరికి."

మీసాలు నమిలాడు. అంతలో కుక్కను తిప్పుకుంటున్న ఒకావిడ వచ్చి, మూట చూసి ఆశ్చర్యపడి, ఎక్కడివని సైగ చేసింది. ఆ దిగులులోనూ రదోవన్ చెయ్యి దానంతటదే లేచి, అడవికి సరిగ్గా ఎదురుగా ఉన్న చేపల గిడ్డంగి వైపు చూపించింది. ఆవిడ గిడ్డంగి వైపు తిరిగి, మళ్ళీ మమ్మల్ని చూసి, కుక్కను దగ్గరకు లాక్కుని వెళ్ళిపోయింది.

తర్వాత అతను కోటు తొడుక్కుని ఎటో వెళ్ళాడు. ఈసారి అడవిలోకి కాదు, రోడ్డు మీదికి. తిరిగి వచ్చేసరికి చేతిలో గుడ్లు, వెన్న, ఒక ఉల్లిపాయ. ఊళ్ళో ఉన్నది ఒకటే దుకాణం. బీరు ధర చూసి బెంచీ మీద కూలబడ్డ మనిషి అక్కడ గుడ్లు కొనుక్కొచ్చాడు.

లిబుషె తలతిప్పి చూసింది. "ఎంతయింది?"

"అడక్కు."

"కొరునాల్లో చెప్పు."

"లెక్కెయ్యలేదు."

ఆమె అతన్ని పరీక్షగా చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతని నోట ఆ మాట విని ఉండదు.

గ్యాసు పొయ్యి రేవు బల్ల మీదే పెట్టాం. రదోవన్ కత్తితో హ్రిబ్‌లు సన్నగా తరిగాడు. లిబుషె ముట్టనని కూర్చుంది. అతను ఉల్లిపాయ మాడ్చబోతే, "మంట తగ్గించు, అది బాయిలరు కాదు" అని గరిటె లాక్కుంది. వెన్నలో ఉల్లిపాయ, హ్రిబ్, తన రేకు డబ్బాలోంచి షాజీర, పైన గుడ్లు కొట్టి కలిపింది. మా దేశంలో వాన పడిన మర్నాడు ప్రతి ఇంటి కిటికీలోంచి వచ్చే వాసన అది. ఆ నార్వే రేవులో లేచేసరికి నాకూ పుస్తకం తెరవాలనిపించలేదు.

రదోవన్ పళ్ళెం రొట్టెతో తుడిచాడు.

"ఒక వారం ముందొస్తే ఇంకా లేతగా ఉంటాయి."

"ఎప్పుడు?" అంది లిబుషె, పళ్ళెంలోకి చూస్తూనే.

"వచ్చే ఏడే. ఎప్పుడంటే ఏమిటి? అలా వదిలేస్తామా? ఎవడో పోలండ్ వాడు వస్తాడు, చూస్తాడు, ఊడ్చుకుపోతాడు."

"మరి సీటు గట్టిగా ఉంటుంది కదా."

"దిండు తెచ్చుకుంటా."

"డెన్మార్క్ చదును."

"డెన్మార్క్‌లో నిద్రపోతా. నువ్వు నోరు మూసుకుని తిను లిబుషా, చల్లారిపోతోంది."

ఆమె తింది. పెదవి చివర ఏదో కదిలింది కానీ, అంత తొందరగా క్షమించే మనిషి కాదు. ఎర్ర దారం సీసాను మాత్రం తియ్యలేదు. సంచి అడుగుకు తోసేసింది.

మిగిలిన రోజులు గుడారం అడవి అంచునే వేశాం. తిరుగు రైలు సంగతి చెప్పాలంటే కొంచెం సిగ్గే. రదోవన్ హ్రిబ్‌లను ముక్కలు కోసి, దారానికి గుచ్చి, కిటికీ కొక్కేల నుంచి సామాను అర దాకా తోరణాలు కట్టాడు. స్వీడన్ అంతా అవి మా తలల మీద ఊగుతూ ఎండాయి. టికెట్లు చూసే ఆయన తలుపు తీసి, వాసన పీల్చి, తోరణం కింద వంగి, మాటమాత్రం లేకుండా టికెట్లు చూసి వెళ్ళిపోయాడు. జర్మనీలో ఒక ముసలమ్మ మాత్రం వచ్చి కూర్చుంది. ఆవిడ పుట్టిల్లు మా సరిహద్దు పక్కనేనట. ఎక్కడివని అడిగింది.

"ఆస్ట్రియా" అన్నాడు రదోవన్, రెప్ప వాల్చకుండా.

లిబుషె కిటికీ వైపు తిరిగి, భుజాలు కుదిపి కుదిపి నవ్వింది. రేవు దాటాక అదే ఆమె మొదటి నవ్వు. ఎండిన ముక్కలను ఖాళీ సీసాల్లోకి కూరి మూతలు బిగించారు. ఈసారి త్రెబీచ్ స్టేషన్లో దిగినప్పుడు ఆ సంచి గలగలమనలేదు.

ఈ వేసవి నేను వెళ్ళలేదు. వాళ్ళిద్దరే వెళ్ళారు, వారం ముందుగా. తిరిగి వచ్చాక లిబుషె మా వరండా పక్క కుళాయి దగ్గర సీసాలు కడుగుతుంటే అడిగాను, పడవ అందిందా అని.

"అందకేం? పొద్దున్నే అడవిలోకి తోలాను, వేళకు ఈల వేశాను, వచ్చాడు. ఒక చేత్తో బుట్ట, ఇంకో చేత్తో దిండు."

"రాయి?"

"అలాగే ఉంది. ఎర్ర దారం సీసా తీసుకెళ్ళా. నిరుడు చేసింది, ఇంకా బాగుంది." సీసా ఎత్తి ఎండలో చూసి, మళ్ళీ నీళ్ళలో ముంచింది. "కూర్చున్నాడు. తిన్నాడు. సముద్రం వైపు చాలాసేపు చూశాడు. నేను అతని మీసాల వైపే చూస్తున్నా, ఏమంటాడో అని."

"ఏమన్నాడు?"

"'ఇదేం చలే బాబూ' అన్నాడు."

చెప్పి, తడిచేత్తోనే ముఖం తుడుచుకుని నవ్వింది. వాళ్ళ ఇంటి లోపల్నుంచి రదోవన్ గొంతు వినిపించింది: "నిజంగానే చలిగా ఉంది! మళ్ళీ ఏడు నాకు ఇంకో కోటు పట్టుకురా!"

"ఎక్కడికి వెళ్ళారేంటి రదోవన్?" అని వీధిలోంచి వెళ్తున్న పక్కింటాయన అడిగాడు.

"డెన్మార్క్" అని వినిపించింది లోపల్నుంచి.